కాంపౌండర్ సాబ్ వెంట ఇరవై ఒక్క కిలోమీటర్లు

పోయిన వారం మా పక్క వాటాలో ఉండే సుగుణమ్మగారికి మోకాలు బెణికిందంటే చూడటానికి వెళ్ళాను. తలుపు తీయగానే తార్పీను తైలం వాసన గుప్పుమంది. అందులో కొంచెం కర్పూరం కూడా కలిపినట్టున్నారు. ఆవిడ మంచం మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ ఎక్కడ జారిందో, ఎలా పడిందో చెబుతోంది. నేను తల ఊపుతూనే ఉన్నాను గాని, మనసు మాత్రం ముప్పై ఏళ్ళు వెనక్కి, నల్లగొండలో పశువుల దవాఖాన వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది ఒక్కరే. ఆయన పేరు ఖాజా మియా. ఊళ్ళో అందరికీ కాంపౌండర్ సాబ్.

ఆయన పొడుగ్గా, సన్నగా ఉండేవారు. మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. కుంటుతున్న ఎద్దును తెచ్చినా, మేత ముట్టని మేకను తెచ్చినా ముందు దాన్ని నాలుగడుగులు నడిపించమనేవారు. ఆ నడకను తల ఒక పక్కకు వంచి చూసేవారు. ఆ తర్వాతే చెయ్యి వేసేవారు. నోటితో బాధ చెప్పుకోలేని జీవాలతో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి కాబట్టి, నోరున్న వాళ్ళు చెప్పేదానికన్నా వాళ్ళ నడకనే ఎక్కువ నమ్మేవారు.

నా నడకను కూడా అలాగే చూశారు. అది తొంభైల మొదట్లో. నాకు ఇరవై ఏడేళ్ళు. నల్లగొండ పక్క పల్లెలో ప్రైమరీ స్కూల్ టీచర్ని. ఏడో నెలలో నాకు కడుపు పోయింది. ఆడపిల్ల అని దవాఖానలో చెప్పారు, చూపించలేదు. ఆ తర్వాత ఐదు నెలలు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాను. అన్నం పెడితే తినేదాన్ని, పిలిస్తే పలికేదాన్ని, అంతే. మా ఆయన రాజేందర్ నాతో మాట్లాడటానికి భయపడి, చీకటి పడే దాకా ఆఫీసులోనే ఉండి వచ్చేవాడు. మా అత్తమ్మకు ఒక బర్రె ఉండేది. అది ఒకరోజు వెనక కాలు మోపనంటే కాంపౌండర్ సాబ్‌ను పిలిపించింది.

ఆయన బర్రె గిట్టలో ఇరుక్కున్న రాయి తీసి, తైలం పూసి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగారు. నేను బకెట్టు తెచ్చి పెట్టి లోపలికి వెళ్తుంటే, ఆయన అత్తమ్మతో అంటున్నది వినిపించింది.

"అమ్మా, బర్రెకు ఏం ఫికర్ లేదు. రెండు రోజులల్ల మంచిగ నడుస్తది. నీ కోడలే కాళ్ళు ఈడుస్తాంది."

"ఏం చెప్పాలె సాబ్. బిడ్డను పోగొట్టుకున్నది," అంది అత్తమ్మ.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. తర్వాత నన్ను పిలిచి, "బిడ్డా, రేపు తెల్లారి గడియారం దాక నడిచి రా. ఎవ్వలతోని మాట్లాడకు, ఏం ఆలోచన చెయ్యకు. పోయి రా, గంతే," అన్నారు.

నాకు కోపం వచ్చింది. పశువుల కాంపౌండరు నాకు వైద్యం చెప్పడమేమిటి అనుకున్నాను. కాని మర్నాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. పడుకుని పైకప్పు చూడటం కన్నా నయమే కదా అని లేచి, గడియారం సెంటర్ దాకా నడిచి వచ్చాను. ఆ రోజు ఇడ్లీలు రెండు ఎక్కువ తిన్నానని అత్తమ్మ తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుందో.

అలా పది పదిహేను రోజులు నడిచాక కాలేజీ గ్రౌండు దగ్గర కాంపౌండర్ సాబ్ కనిపించారు. ఖాకీ నిక్కరు, కాన్వాసు బూట్లు వేసుకుని పరుగెడుతున్నారు. ఆయనతో పాటు ఆర్టీసీ డ్రైవర్ యాదగిరన్న, దవాఖానలో సిస్టరుగా పనిచేసే పద్మక్క ఉన్నారు. ఇంకా ఒకరిద్దరు వస్తూ పోతూ ఉండేవారు. వాళ్ళు తమను తాము క్లబ్బు అనుకునేవారు గాని దానికి పేరు లేదు, బోర్డు లేదు. తెల్లవారి గ్రౌండులో కలవడం, పానగల్లు రోడ్డు మీద పరుగెత్తడం, తిరిగొచ్చి గట్టు మీద కూర్చుని కాళ్ళకు కాంపౌండర్ సాబ్ తెచ్చిన తైలం రుద్దుకోవడం, అదే క్లబ్బు. ఎద్దులకు పూసేదే మాకూ పూసేవారు. పద్మక్క నన్ను చూసి, "నడుస్తున్నవు గద, జర ఉరుకు చూద్దాం," అంది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి వంద గజాలు పరుగెత్తాను. ఊపిరి ఆడక కూలబడ్డాను. కాంపౌండర్ సాబ్ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు.

"తొందరేమున్నది బిడ్డా. పక్కన ఉన్నోళ్ళతోని ముచ్చట చెప్పుకుంట ఉరకాలె. ముచ్చట ఆగిందంటే జోరు ఎక్కువైనట్టు."

వారం తర్వాత చీర మాని సల్వారు కమీజు వేసుకున్నాను, చున్నీ నడుముకు గట్టిగా ముడి వేసి. బజారు కళ్ళు నా మీదే ఉండేవి. మా వాడకట్టులో ఒకామె అత్తమ్మ ముందే, "ఇంటి కోడలు రోడ్డు మీద ఉరుకుడేందమ్మా," అని అడిగింది. అత్తమ్మ ఆ సాయంత్రమంతా మూతి ముడుచుకుని ఉంది. ఈ సంగతి నేను గ్రౌండులో చెప్పాను. మర్నాడు కాంపౌండర్ సాబ్ మా ఇంటికి వచ్చారు. నా గురించి వాదిస్తారేమో అనుకుని తలుపు చాటున నిలబడ్డాను. ఆయన మాత్రం బర్రె కాలు చూసి, బాగుందని చెప్పి, అరుగు మీద కూర్చున్నారు.

"అమ్మా, మేం నలుగురం పొద్దుగాల ఉరికొస్తం. దూప అయితది. మీ ఇంట్ల చల్ల బాగుంటదని అందరంటరు. రోజు ఒక చెంబెడు పంపుతవా?"

అత్తమ్మకు ఆ బర్రె పాలన్నా, ఆ చల్లన్నా ఎంత గర్వమో ఆయనకు తెలుసు. మర్నాటి నుంచి మజ్జిగలో ఉప్పు, జీలకర్ర వేసి స్టీలు క్యానులో పోసి నా చేతికిచ్చేది. నెల తిరక్కుండా తనే క్యాను పట్టుకుని గ్రౌండుకు రావడం మొదలుపెట్టింది. ఆ వాడకట్టు ఆమె మళ్ళీ అడిగితే, "మా కోడలు పానగల్లు దాక ఉరికొస్తది, నువ్వు పెద్దబజారు దాక నడువు చూద్దాం," అందట. అప్పటికి నేను మళ్ళీ స్కూలుకు వెళ్తున్నాను.

కాంపౌండర్ సాబ్ తన గురించి ఎక్కువ చెప్పుకునేవారు కాదు. ఒకరోజు మాత్రం పానగల్లు రోడ్డు మీద మిగతా వాళ్ళు ముందుకు వెళ్ళిపోతే, మేమిద్దరం వెనక నిదానంగా వస్తున్నాం. ఆయన కుడి మడమ నేలకు సరిగా ఆనడం లేదని నాకు అనిపించింది. ఆయనతో తిరిగి తిరిగి నాకూ అందరి కాళ్ళ వంక చూసే అలవాటు వచ్చేసింది. అదే అడిగాను.

ఆయన నవ్వారు. "దొరికిచ్చుకున్నవా? మా అన్నకు వచ్చిందే నాకు గూడ వచ్చింది."

వాళ్ళది మర్రిగూడ వైపు పల్లె. అక్కడి బావుల్లో, బోర్లలో ఫ్లోరైడు నీళ్ళు. పిల్లలకు పళ్ళు గారపట్టి, పెద్దవుతుంటే ఎముకలు బిగుసుకుపోతాయి. వాళ్ళ అన్న జానీ మియా ముప్పై ఐదేళ్ళకే నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాల్సి వచ్చేదట. కాంపౌండర్ సాబ్‌ను మాత్రం పన్నెండో ఏట చదువు కోసం నల్లగొండలో మేనమామ ఇంట్లో పెట్టారు.

"ఒక్క తల్లి కడుపుల పుట్టినం. నీళ్ళు వేరైనయి, గంతే," అన్నారు. "పన్నెండేండ్లు నేను గూడ గా నీళ్ళే తాగిన గద. మోకాళ్ళు బిగుస్తున్నయి. డాక్టరు ఎముకల ఫోటో తీసి చూపిచ్చిండు. పూర్తిగ బిగిసే దాక ఉరుకుత. మా అన్నకు ఉరికే దినాలు దొరకలె."

ఆ తర్వాత మామూలుగా వేరే ముచ్చట మొదలుపెట్టారు. ఆ రోజు ఇంటికెళ్ళాక నేను స్కూలుకు ఆలస్యంగా వెళ్ళాను.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు యాదగిరన్న ఎక్కడో సంపాదించిన కరపత్రం తెచ్చాడు. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మాలో ఒక్క యాదగిరన్న తప్ప ఎవరూ సముద్రం చూడలేదు. నలుగురం వెళ్దామనుకున్నాం. నాలుగు నెలలు తయారయ్యాం. ఆదివారాలు నార్కట్‌పల్లి రోడ్డు మీద పొద్దు పొడిచే దాకా పరుగెత్తేవాళ్ళం. ఇంట్లో అడగడానికి నేను జంకుతుంటే, అత్తమ్మే రాజేందర్‌తో, "పోనియ్ రా. ఇప్పుడిప్పుడే నవ్వుతాంది," అంది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టిచ్చింది. నల్లగొండలో రైలెక్కి, గుంటూరులో బండి మారి, మర్నాడు మధ్యాహ్నానికి విశాఖ చేరుకున్నాం.

పేర్లు రాసుకునే చోట బల్ల వెనక ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకున్నారు. పద్మక్క నడుము నొప్పి వల్ల ఐదు కిలోమీటర్లకే పేరిచ్చింది. నా వంతు వచ్చేసరికి ఆయన తల ఎత్తకుండానే, "ఆడవాళ్ళకి ఐదు కిలోమీటర్లేనమ్మా," అన్నారు.

"నేను ఇరవై ఒకటికి వచ్చిన సార్," అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "ఎక్కణ్ణించొచ్చారు? మీ మాట వేరేగా ఉందే."

"నల్లగొండ సార్."

"అంత దూరం నుంచొచ్చారు, కాదనడం నాకూ కష్టంగానే ఉందండి. మధ్యలో ఎక్కడైనా పడిపోతే మమ్మల్నే అంటారు. ఆడవాళ్ళెవరూ రాయలేదు దీనికి."

నాలుగు నెలల ఆదివారాలు కళ్ళ ముందు తిరిగాయి. కాంపౌండర్ సాబ్ ముందుకు వచ్చారు.

"పడిపోదు సార్. నేను చూసిన గద ఆమె నడక. నేను కాంపౌండర్ని."

"ఏ ఆస్పత్రండీ?"

"పశువుల దవాఖాన."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కాంపౌండర్ సాబ్ కూడా సిగ్గుపడలేదు. "కాయిదం ఇయ్యుండ్రి. ఆమె పక్కనే ఉరుకుత. ఏమన్నా అయితే నాదే జిమ్మా అని రాసి దస్కత్ పెడత," అన్నారు. పెద్దాయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుని, తెల్లకాగితం ఇచ్చారు. కాంపౌండర్ సాబ్ నిలబడే ఉర్దూలో సంతకం చేసి, కింద తెలుగులో కూడా పేరు రాశారు.

మర్నాడు తెల్లవారి మొదలైంది. యాదగిరన్న మొదటి కిలోమీటరులోనే మమ్మల్ని వదిలి ముందుకు వెళ్ళిపోయాడు. మేమిద్దరం మామూలుగా ముచ్చట చెప్పుకుంటూ వెళ్తున్నాం. కుడి పక్కన సముద్రం ఉంది. నేను దాన్ని చూస్తూ పరుగెడుతుంటే కాంపౌండర్ సాబ్ నా పాదాలు చూస్తూ పరుగెడుతున్నారు. "ఎడమ కాలు తేలికగ వెయ్యి," "భుజాలు బిగబట్టకు," ఇవే మాటలు. భీమిలి రోడ్డు మీద ఎత్తులు వచ్చాయి. ఎత్తులకు మేం అలవాటు పడ్డవాళ్ళమే. అలవాటు లేనిది ఆ గాలి. మా ఊళ్ళో చెమట పుట్టగానే ఆరిపోతుంది. అక్కడ జిగటగా ఒంటికి అంటుకుని కూర్చుంది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగాక నాకు ముచ్చట చెప్పడం కష్టమైంది. ఆయన కూడా మాట్లాడటం మానేశారు. అప్పుడు చూశాను. కుడి మడమ అసలు నేలకు ఆనడం లేదు. మోకాలు వంగడం లేదు. కర్రను విసిరినట్టు కాలు ముందుకు విసురుతున్నారు.

"సాబ్, ఆగుదాం," అన్నాను.

"ఆగితే నేను పెట్టిన దస్కత్ అబద్ధమైతది. ఉరుకు."

ఇంకో కిలోమీటరు అలాగే వచ్చారు. అది ఎంత నొప్పో ఆయన మొహం చెప్పలేదు గాని ఊపిరి చెప్పింది. రోడ్డు పక్కన వలలు ఆరేసిన చోట ఒక రాయి ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయి, చెయ్యి ఆనించి మెల్లగా కూర్చున్నారు.

నేను కూడా ఆగి పక్కన నిలబడ్డాను. "నేను ఉరకను. మిమ్మల్ని ఇడిచిపెట్టి ఎట్ల పోత?"

"నేను నీ పక్కన ఉన్నది నువ్వు పడకుంట చూసెటందుకు. నువ్వు పడుతలేవు గద. ఇగ నాతోని పనేమున్నది నీకు?" కోపంగా కాదు, బర్రెను అదిలించినట్టు అన్నారు. "ఆరు కిలోమీటర్లు ఉన్నది. పో బిడ్డా. ఎనకకు చూడకు, నడుము తిరిగితే కాలు తప్పుతది."

నేను వెళ్ళాను. వెనక్కి చూడకుండా వెళ్ళాను. ఆరు కిలోమీటర్లూ ఏడుస్తూనే పరుగెత్తాను. ఒక నీళ్ళ బల్ల దగ్గర పరుగు నడిపేవాళ్ళ తరఫున చేతికి గుడ్డ కట్టుకున్న ఒకతను, "మీతో ఉండాల్సిన ఆయనేరండీ?" అని అడిగాడు. "ఎనక వస్తుండు," అని ఆగకుండా సాగిపోయాను. చివరికి చేరాక కళ్ళద్దాల పెద్దాయన నా పేరు, సమయం రాసుకుని, సంతకం పెట్టిన ఆయన ఏరని అడిగారు. నిజం చెప్పాను. ఆయన వెంటనే స్కూటరు మీద ఒకరిని పంపారు. స్కూటరు ఖాళీగా తిరిగొచ్చింది. ఎక్కనన్నారట, నడిచే వస్తానన్నారట.

కాంపౌండర్ సాబ్ రావడానికి ఇంకో గంటన్నర పట్టింది. అప్పటికి షామియానాలు విప్పేశారు, కుర్చీలు లారీకెక్కించారు. పెద్దాయన మాత్రం రిజిస్టరు చంకలో పెట్టుకుని ఎండలో నిలబడే ఉన్నారు. దూరంగా ఆ పొడుగాటి మనిషి, కర్రలాంటి కాలు విసురుతూ రావడం కనిపించింది. ఎదురువెళ్ళిన యాదగిరన్న చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. పెద్దాయన రిజిస్టరు తెరిచి, "పేరు చెప్పండి," అన్నారు.

"నిన్న రాసుకున్నరు గద సార్."

"ఇవాళ టైము రాయాలి కదండీ," అన్నారాయన.

కాంపౌండర్ సాబ్ మళ్ళీ పరుగెత్తలేదు. ఇంటికొచ్చాక మోకాలు వాచి నెల రోజులు మంచం మీదే ఉన్నారు. ఆ తర్వాత గ్రౌండుకు వచ్చి గట్టు మీద కూర్చునేవారు. నేనే వెళ్ళలేకపోయాను. ఆ రాయి మీద ఆయన ఒక్కరే, తలవంచుకుని, వాచిన మోకాలు పట్టుకుని కూర్చున్నట్టు కళ్ళ ముందు కనిపించేది. నా కోసం సంతకం పెట్టి, నా కోసం కాలు పాడుచేసుకున్న మనిషిని రోడ్డు పక్కన వదిలి వచ్చానని లోపల ఒకటే పీకులాట. స్కూలు పని ఎక్కువైందని పద్మక్కకు సాకులు చెప్పాను. ఇంతలో నాకు అమ్మాయి పుట్టింది. ఆయన రిటైర్మెంటుకు ముందుగానే ఉద్యోగం మానేసి, అన్నను చూసుకోవడానికి పల్లెకు వెళ్ళిపోయారని తెలిసింది.

నాలుగేళ్ళకు ధైర్యం చేసి, రాజేందర్‌ను, పాపను తీసుకుని ఆ పల్లెకు వెళ్ళాను. జానీ మియా అంతకు ముందు ఏడాదే చనిపోయారట. కాంపౌండర్ సాబ్ కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మెడ కొంచెం బిగిసింది. పాపను చూసి, దాన్ని నాలుగడుగులు నడిపించి, "మంచిగున్నది," అన్నారు. చాయ్ తాగాక నేను ఇక ఆపుకోలేక ఆ రోజు మాట ఎత్తాను. మిమ్మల్ని ఒంటరిగా వదిలి వెళ్ళాను సాబ్, ఈ నాలుగేళ్ళూ అదే బాధ అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశారు.

"ఒంటరిగనా? నువ్వు పోయినంక గాడ జాలరోళ్ళ ఆమె వచ్చింది. నీళ్ళిచ్చింది. ఆమెకు ఒక మేక ఉన్నది, దాని పొదుగు వాచింది. నన్ను కాంపౌండరని తెలుసుకొని పట్టుకొచ్చింది. దాన్ని చూసి ఏం చెయ్యాల్నో చెప్పిన. చేప కూర పెడతనంటే ఉరికి వచ్చినోన్ని, ఇప్పుడొద్దమ్మా అన్న. గప్పుడు సముద్రం చూసిన బిడ్డా. గప్పటిదాక నీ కాళ్ళే చూస్తిని గద, సముద్రం ఉన్నదన్న సోయే లేదు. ఎంత పెద్దగున్నది. లేవబుద్ధి గాలె. గందుకే గంత ఆలస్యమైంది."

తర్వాత ఆయన రాజేందర్‌కు సముద్రం రంగు ఎలా మారిందో, పడవలు ఎట్లా వచ్చాయో చేతులతో చూపిస్తూ చెప్పుకుపోయారు. ఆ ముచ్చట చెబుతున్నంతసేపూ ఆ ముఖంలో ఎక్కడా నొప్పి లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి నాకు. నాలుగేళ్ళు నేను నా మనసులో ఆయన్ని ఆ రాయి మీద తలవంచుకునేలా కూర్చోబెట్టి ఉంచాను. ఆయనేమో ఆ రోజే లేచి, కడుపునిండా సముద్రం చూసి, తీరిగ్గా నడిచొచ్చారు. అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవారు. అడగకుండా, ఆయన బాధంతా నేనే ఊహించుకుని, ఆ ఊహకు భయపడి ఆయన పక్కన కూర్చోవాల్సిన ఏళ్ళు పోగొట్టుకున్నాను. ఆ మాట ఆయనతో అనలేదు. మర్నాటి నుంచి మళ్ళీ గ్రౌండుకు వెళ్ళడం మొదలుపెట్టాను, నెలకొకసారి ఆ పల్లెకు కూడా. ఇంకో ఆరేళ్ళు బతికారాయన.

అప్పటి నుంచి నాకొక అలవాటు మిగిలింది. ఎవరికైనా నా వల్ల కష్టం కలిగిందని అనిపిస్తే ఇంట్లో కూర్చుని కుమిలిపోను. వాళ్ళ ఇంటికి వెళ్తాను. తలుపు కొట్టి, చాయ్ ఇస్తే తాగి, నేరుగా అడుగుతాను. కొందరు నిజంగానే బాధపడి ఉంటారు, తిడతారు, పడతాను. కొందరు ఆ సంగతే మర్చిపోయి ఉంటారు. ఏదైనా సరే, వాళ్ళ నోటితో వింటాను.